ఎడమ దీపం

బడి వీధి, మేడ మీద ఇల్లు
సోమవారం

వదినగారికి,

నమస్కారం. మీరు కులాసాగానే ఉన్నారని తెలుస్తోంది. ఒంట్లో బాగాలేని మనిషి మీ అబ్బాయితో ఫోనులో అంతసేపు మాట్లాడలేరు. నిన్న మీ అబ్బాయీ మా అమ్మాయీ ఇద్దరూ నాకు ఫోను చేశారు. మీరన్న మాటలను మెత్తగా నలిపి చెప్పారు. పాప మాత్రం ఉన్నదున్నట్టు చెప్పింది: "అమ్మమ్మా, నాయనమ్మ నిన్ను ఒంటికన్ను డ్రైవరు అంది."

మనిద్దరం ఫోనులో మాట్లాడుకోకూడదనీ, ఏమున్నా ఉత్తరం రాసుకోవాలనీ పిల్లలు పోయిన ఏడు కట్టడి చేసినప్పుడు నాకు కోపం వచ్చింది. ఇప్పుడు నయమే అనిపిస్తోంది. ఉత్తరంలో ఒకరు మాట్లాడుతుంటే మరొకరు అడ్డం రాలేరు.

జరిగింది ఇది. శుక్రవారం బడి వదిలాక, ఎప్పటిలాగే పాపను కారులో మీ ఊరు తీసుకువచ్చాను. పిల్లలిద్దరూ ఆనకట్ట పనిలో ఉన్నంతకాలం, అక్కడ బడి లేదు కనుక, పాప చదువున్న రోజుల్లో నా దగ్గర, వారాంతం సెలవుల్లో మీ దగ్గర ఉండాలని అందరం కూర్చుని అనుకున్న మాటే. చెట్ల దారిలో చీకటి పడింది. మీ గేటు ముందు ఆపేసరికి కారు ఎడమ దీపం వెలగడం లేదు. అది చూసి మీరు నా కళ్లు పోయాయని పిల్లలకు చెప్పారు. పోయింది బల్బు, వదినగారూ. కారుకు దీపం పోతే నడిపే మనిషికి కన్ను పోయినట్టని మీ నర్సుల చదువులో ఎక్కడ చెప్పారో నాకు తెలియదు.

ఏళ్ల తరబడి బడిలో విద్యుత్తు పాఠం చెప్పినదాన్ని. ఒక బల్బు కోసం మెకానిక్కు దగ్గర చేతులు కట్టుకుని నిలబడను. ఇంట్లో నేనే మారుస్తాను. మీరు మీ అబ్బాయికి ఇచ్చి, మీ అబ్బాయి నా దగ్గర వదిలి వెళ్లిన ఆ లేత పసుపు కారుకు ఈ మాత్రం సేవ చేయగలను.

పాప అమ్మమ్మ


క్వార్టర్ల వరస, చివరి ఇల్లు
మంగళవారం

వదినగారూ,

ముందుగా ఒక మాట. అది పసుపు కారు కాదు. తెల్లది. మావారు షాపు షాపూ తిరిగి, పాలలా ఉండాలని పట్టుబట్టి కొన్న కారు. పాతదనండి, పడతాను. పసుపు అంటే మాత్రం పడను. ఇదివరకు నలుగురిలోనూ అన్నారు, అప్పుడు మర్యాదకి ఊరుకున్నాను.

శుక్రవారం సంగతి అంతా రాశారు, బాగానే ఉంది. నా గేటు స్తంభానికి కారు చెంప రాసుకోవడం మాత్రం రాయలేదేం? స్తంభానికి వేసిన సున్నం ఇంకా కారుకే అంటుకుని ఉంటుంది, చూసుకోండి. కనిపిస్తే.

బల్బు మీరే మారుస్తానన్నారు. మార్చండి. గాజును మాత్రం చేత్తో ముట్టుకోకండి. మావారు తొడుగులు వేసుకునేవారు. వేలు తగిలితే ఆ బల్బు ఎక్కువ కాలం బతకదనేవారు. ఎందుకని నన్నడక్కండి. ఈ కవరులో ఆస్పత్రిలో వాడే తొడుగులు ఒక జత పెట్టాను. ఏ చేతికైనా పడతాయి, ఎడమా కుడీ తేడా లేదు, కంగారు పడనక్కర్లేదు.

ఇంకో సంగతి. మా వీధి చివర బడి ఉంది. నడిచి వెళ్లొచ్చు. కారూ అక్కర్లేదు, దీపాలూ అక్కర్లేదు. ఈ ఏడు పరీక్షలవగానే పాపను పూర్తిగా నా దగ్గరే ఉంచుకుంటానని మావాడితో అన్నాను. ఆలోచిస్తానన్నాడు. వాడు ఆలోచిస్తానన్నాడంటే సగం ఒప్పుకున్నట్టే. వాడి నాన్నదీ అదే వరస.

పాప నాయనమ్మ


బడి వీధి, మేడ మీద ఇల్లు
శనివారం

వదినగారికి,

మీ తొడుగులు అందాయి. కుండీల్లో మట్టి కలపడానికి బాగా పనికొచ్చాయి. ముట్టుకుంటే ముడుచుకోవడానికి బల్బేమైనా అత్తిపత్తి మొక్కా? చేతులు సబ్బుతో కడుక్కుని, పొడిగా తుడుచుకుని, గాజునే పట్టుకుని బిగించాను. కారణం చెప్పలేక "ఎందుకని అడక్కండి" అన్నవాళ్లను నా తరగతిలో బెంచీ ఎక్కించేదాన్ని.

మీరు మీ అబ్బాయికి తప్పుగా చెప్పకుండా, పని ఎలా జరిగిందో పూర్తిగా రాస్తున్నాను. గురువారం పాప బడికి వెళ్లాక, పగటి వెలుతురులో, ఇంజను చల్లారాక, తాళం చెవి తీసి కొంగుకు ముడేసుకుని మొదలుపెట్టాను. ముందు ఇంజను మూత ఎత్తి కడ్డీ ఆనించాను. దీపం గిన్నె వెనక గుండ్రటి రబ్బరు మూత ఉంటుంది. అది లాగితే లోపల మూడు రేకుల ప్లగ్గు. దాని మీద ఏదో గుడ్డ పట్టీ గట్టిగా చుట్టి ఉంది. కారు చేసినవాళ్లు ఎవరో గాని జాగ్రత్త తెలిసినవాళ్లు. ప్లగ్గు వెనక్కి లాగాను. బల్బును నొక్కి పట్టుకునే వంకర తీగ ఒకటి ఉంది. దాన్ని లోపలికి నొక్కి పక్కకు జరిపితే పాత బల్బు చేతిలోకి వచ్చింది. కొత్తదాని అంచుకు మూడు చెవులు, గిన్నెలో మూడు గాట్లు. ఒక్క విధంగానే కూర్చుంటుంది. సరిగ్గా కూర్చోకపోతే వెలుగు దారి మీద కాక ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది, కొందరి మాటల్లాగా.

సాయంత్రం కారును ప్రహరీ గోడకు ఎదురుగా నిలబెట్టి చూశాను. రెండు వెలుగులూ ఒకే ఎత్తులో పడ్డాయి. నిన్న పాపను మీ దగ్గర దించినప్పుడు రెండు దీపాలూ వెలగడం మీరు వరండాలోంచి చూశారు. చూసి లోపలికి వెళ్లిపోయారు. నేనూ చూశాను.

దారిలో ఇబ్బంది పెట్టింది నా దీపాలు కావు, ఎదురొచ్చే బళ్ల దీపాలు. ఒక్కొక్క దీపం చుట్టూ పెద్ద చక్రం, చక్రం నుంచి ముళ్లు. ఇలాంటి బల్బులు అమ్మేవాళ్లకు అదుపూ ఆజ్ఞా లేవు.

పాప బడి మారదు. ఇక్కడ ఆమెకు లెక్కలు ఇప్పుడిప్పుడే దారిలో పడుతున్నాయి. చెప్తున్నది నేను.

పాప అమ్మమ్మ


క్వార్టర్ల వరస, చివరి ఇల్లు
బుధవారం

వదినగారూ,

ఆదివారం సాయంత్రం పాపను ఎక్కించుకుని వెళ్లారు. కల్వర్టు దగ్గర ఎడమ దీపం ఆరిపోయింది. ఎదురుగా లారీ వచ్చింది. మీరు పక్కకు తిప్పారు, ఎడమ చక్రం రోడ్డు దిగిపోయింది. ఇంకో మూర పక్కకు పోతే కాలవలో ఉండేవాళ్లు. లారీ డ్రైవరు దిగి వచ్చి, కారును వెనక్కి తోసి, "పెద్దమ్మా, ఈ పూట ఎవరినైనా మగమనిషిని పిలుచుకో" అంటే "నా పూటలు నువ్వు చెప్పక్కర్లేదు నాయనా" అన్నారట. ఆ ఒక్క మాట నాకు నచ్చింది, మిగతాదేదీ నచ్చలేదు.

"ఈ సంగతి నాయనమ్మకు చెప్పక్కర్లేదు" అని పాపతో అన్నారు. పాప మాట తప్పలేదు. నాకు చెప్పలేదు, వాళ్ల నాన్నకు చెప్పింది. మీరు నాన్న పేరు చెప్పలేదు కదా మరి. పిల్ల మీ పెంపకమే.

గాజు ముట్టుకోవద్దన్నాను. వినలేదు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు ఇప్పుడు బల్బు అమ్మినవాణ్ణి తిడుతుంటారు. ఈ శుక్రవారం మీరు రావద్దు. నేను బస్సులో వచ్చి పాపను తీసుకెళ్తాను, ఆదివారం తెచ్చి దింపుతాను. మావాడు కూడా అదే అన్నాడు. ఇలా రెండు మూడు వారాలు చూసి, బడి సంగతి తేల్చేస్తాడట.

మీరు దేన్నైనా కొలిచి రాసే మనిషి కాబట్టి ఒకటి అడుగుతున్నాను. ఎదురొచ్చే దీపాల చుట్టూ చక్రాలన్నారు. అవి రెండు కళ్లకూ ఒకేలా కనిపిస్తాయా? ఒక కన్ను మూసి, తర్వాత రెండోది మూసి చూసి చెప్పండి. పగలు ఎండలో చూడటం కష్టమా, నీడలోనా? లారీల మీద ఫిర్యాదు రాయాలంటే వివరాలు ఉండాలి కదా.

పాప నాయనమ్మ


బడి వీధి, మేడ మీద ఇల్లు
మంగళవారం

వదినగారికి,

ముందు మీ ప్రశ్నలకు జవాబు. చక్రాలు కుడి కంటికి ఎక్కువ, ఎడమ కంటికి కొంచెం తక్కువ. కుడి కంటితో చూస్తే దీపం ఒకటి కాక రెండు మూడుగా, పొగమంచులోంచి చూసినట్టు ఉంటుంది. పగలు ఎండలోనే కష్టం, నీడలో నయం. ఫిర్యాదులో లారీల తప్పు స్పష్టంగా రాయండి.

ఇక అసలు సంగతి. ఈసారి మీ మాట కూడా పరీక్షించాను. ఆరిపోయిన బల్బును కిటికీ దగ్గర పెట్టి భూతద్దంతో చూశాను. నా బొటనవేలు తగిలిన చోట గాజు మీద తెల్లటి మచ్చ ఉంది. చర్మం మీది జిడ్డు అక్కడ అంటుకుంటుంది, గాజు కాగినప్పుడు ఆ చోట ఎక్కువ వేడెక్కుతుంది. మీరు చెప్పలేకపోయిన కారణం అది. కాబట్టి ముట్టుకోకూడదన్న మాట నిజమే. ఉన్నది ఉన్నట్టు ఒప్పుకోవడం నా అలవాటు.

కానీ లోపలి తీగ తెగలేదు. తీగ తెగని బల్బు ఎలా ఆరిపోయింది? కొత్త తొడుగులు కొని వేసుకుని, ఆ బల్బు తీసి కుడి వైపు పెట్టాను. వెలిగింది. ఏ రోగమూ లేని కుడి బల్బును ఎడమ వైపు పెట్టాను. మిణుకుమిణుకుమని ఆరిపోయింది. అంటే జబ్బు బల్బుది కాదు, ఎడమ ప్లగ్గుది. అప్పుడు దాని మీది పట్టీ విప్పాను. కారు చేసినవాళ్లు చుట్టారని పోయిన ఉత్తరంలో మెచ్చుకున్నానే, అదే. వేడికి గోధుమరంగుకు తిరిగింది. అంచు మాత్రం రంపపు పళ్లలా కోసి ఉంది. పాప బడి నుంచి వచ్చి చూసి వెంటనే అంది: "ఇది నాయనమ్మ ప్లాస్టరు. నా మోకాలికి వేసింది ఇదే."

వదినగారూ, కారు దీపానికి పుండుకు వేసే ప్లాస్టరు వేసింది మీరు. దాని కింద ఒక రేకు వదులైపోయి, చుట్టూ ప్లాస్టిక్కు కరిగింది. ఈ కారును "చూసుకోనక్కర్లేదు, బంగారంలాంటిది" అని చేతిలో పెట్టారు. నా ఉత్తరంలో ఆ పట్టీ సంగతి చదివి కూడా దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నారు. పాపను కల్వర్టు దాకా తీసుకువెళ్లింది నా కళ్లు కావు, మీ ప్లాస్టరు. ఇది మీ అబ్బాయికి మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?

పాప అమ్మమ్మ


క్వార్టర్ల వరస, చివరి ఇల్లు
శుక్రవారం

వదినగారూ,

మీరు చెప్పనక్కర్లేదు, నేనే చెప్పేశాను.

ఆ ప్లాస్టరు నేనే వేశాను. మావారికి గుండెల్లో నొప్పి వచ్చిన సాయంత్రం. పక్కింటాయన కారు నడిపాడు. సగం దారిలో ఎడమ దీపం కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఆపి, మూత ఎత్తి చూస్తే ప్లగ్గు ఊగుతోంది. నా సంచిలో ఉన్నది ప్లాస్టరు, చుట్టాను. వెలిగింది. ఆస్పత్రి గుమ్మం దాకా ఆరలేదు. ఆయన ఇంటికి తిరిగి రాలేదు. తర్వాత మెకానిక్కు విప్పుతానంటే వద్దన్నాను. కారు ఇచ్చేటప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. ఇంతే. ఇది మిమ్మల్ని బతిమాలడానికి రాయడం లేదు, అడిగారు కాబట్టి రాశాను.

ఇప్పుడు మీ సంగతి. లారీల మీద ఫిర్యాదూ లేదు, గిర్యాదూ లేదు. నా ఉద్యోగమంతా కళ్ల వార్డులో గడిచింది. చక్రాలు, ముళ్లు, ఒకటి మూడుగా కనిపించడం, ఎండలో మసక. మీ చేత్తో మీరే రాసి ఇచ్చారు. రెండు కళ్లకూ శుక్లాలు, వదినగారూ. కుడిది ముదిరింది. ప్లగ్గు పాడైన మాట నిజమే. రెండు దీపాలూ పట్టపగల్లా వెలుగుతున్న రోజున కూడా నా గేటు స్తంభం అక్కడే ఉంటుంది, మీరు దానికి రాసుకుంటూనే ఉంటారు. గురివింద గింజ సామెత మీ బడిలో చెప్పే ఉంటారు.

ఈ మాట పిల్లలకు ఇంకా చెప్పలేదు. చెప్తే పాప మర్నాడే నా ఇంట్లో ఉంటుంది. మీకూ తెలుసు, నాకూ తెలుసు. వచ్చే శుక్రవారం బస్సు దిగేసరికి మీ జవాబు కావాలి. కారు తాళం చెవి నా చేతిలో పెడతారా, నన్ను ఫోను తీయమంటారా?

పాప నాయనమ్మ


బడి వీధి, మేడ మీద ఇల్లు
బుధవారం

వదినగారికి,

కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లి వచ్చాను. మీరు రాసిందే ఆయనా చెప్పారు. కాకపోతే ఆయన మర్యాదగా చెప్పారు.

ఇది నాకు కొత్త కబురు కాదు. కళ్లద్దాల షాపులో అమ్మాయి ఎండాకాలంలోనే చెప్పింది. పాప పరీక్షలయ్యేదాకా ఆగుదామనుకున్నాను. ఆపరేషను అంటే పాపను కొన్నాళ్లు మీ దగ్గరికి పంపాలి. పంపితే తిరిగి రాదు. మీరు బడి సంగతి ఎత్తకముందే నాకు ఆ భయం ఉంది. పొద్దున్నే జడ వేయించుకుంటూ ఎక్కాలు చెప్పే పిల్ల లేకపోతే ఈ ఇంట్లో నాకు చేయవలసిన పని ఏదీ లేదు. అందుకని దారి కనబడటం లేదన్న మాటను నాలోనే పెట్టుకున్నాను. కల్వర్టు దగ్గర లారీ ఏ పక్క నుంచి వస్తోందో నాకు తెలియలేదు. దీపం వెలుగుతున్నా తెలిసేది కాదు. ఈ వాక్యం రాయడానికి రెండు రోజులు పట్టింది.

ప్లాస్టరు గురించి ముందే తెలిసి ఉంటే ఆ ఉత్తరం అలా రాసేదాన్ని కాదు. దాన్ని పారేయలేదు. కాగితంలో చుట్టి కారు డ్రాయరులో పెట్టాను. ప్లగ్గు కొత్తది వేయించాను, పక్కన నిలబడి.

నా షరతులు ఇవి. తాళం చెవి మీకిస్తాను. రెండు కళ్లూ బాగయ్యేదాకా కారు కదలదు. పాప మాత్రం ఇక్కడే ఉంటుంది, ఈ బడిలోనే చదువుతుంది. నేను మంచం మీద ఉన్న రోజుల్లో పాపకు భోజనం, బడి, పాఠాలు ఎవరు చూస్తారో మీరు చెప్పండి. జవాబు లేకపోతే ఫోను తీయండి, అడ్డం రాను.

పాప అమ్మమ్మ


క్వార్టర్ల వరస, చివరి ఇల్లు
శనివారం

వదినగారూ,

నిన్న తాళం చెవి నా చేతిలో పెట్టి మొహం కిటికీ వైపు తిప్పుకున్నారు. ఉత్తరంలో ఉన్నంత నోరు ఎదురుగా ఉండదు మీకు. నాకూ లేదనుకోండి.

పిల్లలకు ఫోను చేశాను. "మీ అత్తగారికి కంటి ఆపరేషను, మామూలుదే, నేను వెళ్తున్నాను" అని మావాడికి చెప్పాను. కల్వర్టు గురించి అడిగాడు. ప్లగ్గు పాడైంది, బాగు చేయించాం అన్నాను. అబద్ధం కాదు కదా. బడి సంగతి అడిగాడు. పిల్లకు లెక్కలు వస్తున్నాయట, ఉండనీ అన్నాను.

కాబట్టి వస్తున్నాను. ఒక కన్ను మానాక రెండో కన్ను, అంతా కలిపి నెల పైమాటే. చుక్కల మందు వేళకు వేసుకోవాలి. మీరు తలొంచి చదవకూడదు, రాయకూడదు, బరువెత్తకూడదు, నాతో వాదించకూడదు. చివరిది డాక్టరు రాయలేదు, నేను రాశాను. నా దిండు నేను తెచ్చుకుంటాను. మీ దిండ్లు రాళ్లు.

పాప నాయనమ్మ


బడి వీధి, మేడ మీద ఇల్లు
ఆదివారం

వదినగారికి,

మీరు వెళ్లి వారమైంది. వంటింట్లో డబ్బాలన్నీ మీ వార్డులో మందుల్లా ఎత్తు ప్రకారం సర్దారు. టీపొడి దొరకడానికి రెండు పూటలు పట్టింది. పాపకు లెక్కలు మీరు చెప్పినన్నాళ్లూ వేళ్ల మీద లెక్కించడం నేర్పారు. దాన్ని మాన్పించడానికి ఎన్నాళ్లు పడుతుందో తెలియదు. వేళ తప్పకుండా చుక్కలు వేశారు, అది మాత్రం కాదనను. నిద్రలో లేపి మరీ వేశారు.

డాక్టరు కారు నడపవచ్చన్నారు. ఈ వారాంతం పాప ఇక్కడే ఉంది కనుక, నిన్న తనను పక్కన కూర్చోబెట్టుకుని సంత వీధి దాకా వెళ్లి వచ్చాను. ఎడమ దీపం వెలుగుతోంది. ఎదురొచ్చే దీపాలకు చక్రాలు లేవు, ముళ్లు లేవు. లారీవాళ్లు బల్బులు మార్చినట్టున్నారు.

కారు డ్రాయరులో నేను కాగితంలో చుట్టి పెట్టిన పాత ప్లాస్టరు లేదు. అది ఎవరు తీసుకున్నారో అడగను. దాని చోట కొత్త ప్లాస్టరు చుట్ట ఒకటి ఉంది. అది ఎవరు పెట్టారో కూడా అడగను. అక్కడే ఉంచాను.

శుక్రవారం వెలుతురు ఉండగానే బయలుదేరి వస్తాం. గేటు రెండు రెక్కలూ తెరిచి పెట్టండి. స్తంభానికి మళ్లీ సున్నం వేయించారని ఫోనులో విని పాప చెప్పింది, ఈసారి అది మీ స్తంభానికే ఉంటుంది.

ఇంకొకటి ఉంది. ఇది పిల్లలకు చదివి వినిపించనవసరం లేదు. రెండో కంటికి కట్టు విప్పిన మర్నాడు, మీరు ఇంకా పడుకుని ఉండగా, కిందికి దిగి కారు ముందు నిలబడ్డాను. దీపాల మీది అద్దాలు పసుపు పచ్చగా ఉన్నాయి, అది నా కన్ను కాదు, పాపను అడిగి చూసుకోండి. కారు చుట్టూ ఒకసారి తిరిగాను. మళ్లీ ఒకసారి తిరిగాను.

కారు తెల్లదే.

పాప అమ్మమ్మ